మైనస్ 40 డిగ్రీల్లో దూరప్రయాణానికి ఏ యుటిలిటీ స్నోమొబైల్ మంచిది?

కావలిబిడ్డ (కావలి, ప్రస్తుతం యెల్లోనైఫ్, కెనడా)

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాహనాల చర్చలో మంచు మీద నడిచే బండి గురించి అడగడం వింతగా కనిపించవచ్చు. అయినా ఇంజన్ల సంగతి ఇక్కడ ఎంత లోతుగా మాట్లాడతారో చూశాను కనుకనే అడుగుతున్నాను. శీతకాలమంతా సరస్సుల మంచుకు రంధ్రాలు వేసి నీటి నమూనాలు సేకరించడం నా ఉద్యోగం. జనవరి రాత్రుల్లో ఇక్కడ మైనస్ 30 మామూలు, మైనస్ 40 కూడా అరుదేమీ కాదు. మేము వెళ్లే శిబిరం పట్టణానికి 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యలో ఊరు లేదు, పెట్రోలు దొరికే చోటు లేదు, ఫోను సిగ్నలు అసలే లేదు. పరికరాలు, గుడారం, పెట్రోలు డబ్బాలు వేసిన బల్లబండిని (చక్రాలు లేకుండా మంచు మీద జారే బండి) వెనుక కట్టుకుని లాక్కుపోవాలి.

నాతోపాటు ఇక్కడి దెనే జాతికి చెందిన పెద్దాయన ఒకరు తన సొంత బండి మీద వస్తారు. ఆయనది గాలితో చల్లబడే పాతకాలపు టూ స్ట్రోక్ బండి, తాడు లాగితే స్టార్ట్ అవుతుంది. నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, అచ్చం ఆయన బండి లాంటిదే 550 సీసీ తరగతి సెకండ్‌హ్యాండు బండి. రెండోది 900 సీసీ మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్, హై లో గేర్లు ఉన్న కొత్త బండి, కానీ దానికి లాగే తాడు లేదు, బ్యాటరీ ఒక్కటే ఆధారం. సగం డబ్బు సంస్థ ఇస్తుంది, మిగతా సగం నాది. వేగం మీద నాకు ఆశ లేదు. వెళ్లిన ప్రతిసారీ ఇద్దరం క్షేమంగా తిరిగి రావాలి, అంతే.

కొత్తపట్నం బోటు మెకానిక్ (కొత్తపట్నం)

తమ్ముడూ, నేను మంచు చూడలేదు గానీ టూ స్ట్రోక్ ఇంజన్లతోనే బతికాను. మన తీరంలో ఫైబర్ పడవలకు బిగించే అవుట్‌బోర్డు ఇంజన్లు నడిసముద్రంలో ఆగిపోతే, ఆ మనిషి దగ్గర ఉండేవి ఒక ప్లగ్గు పానా, రెండు కొత్త ప్లగ్గులు, తాడు, రెండు చేతులు. వాటితోనే ఒడ్డుకు చేరాలి. అందుకే చెబుతున్నాను, తాడు లేని ఇంజన్‌ను నమ్మి 150 కిలోమీటర్లు పోవడం నాకు మనస్కరించడం లేదు. బ్యాటరీ చచ్చిపోతే ఆ 900 సీసీ ఇంజన్ అక్కడ ఇనుపముద్దే.

ఒకవేళ టూ స్ట్రోకే తీసుకుంటే ఆయిలు విషయంలో జాగ్రత్త. పడవ ఇంజన్లలో పోసే టీసీ డబ్ల్యూ 3 రకం ఆయిలు వేరు, స్నోమొబైల్ ఆయిలు వేరు. గడ్డకట్టే చలిలో కూడా పైపులో పారి పంపు దాకా చేరేట్టు తయారుచేసిన ఆయిలే పోయాలి. ఆయిలు చేరడం క్షణం ఆలస్యమైనా పిస్టన్ పట్టేస్తుంది.

ఒంగోలు లెక్చరర్ (ఒంగోలు)

కార్బొరేటర్ గురించి కూడా ఆలోచించాలి. ఒకే పీడనంలో గాలి సాంద్రత దాని పరమ ఉష్ణోగ్రతకు విలోమంగా మారుతుంది. 15 డిగ్రీలంటే 288 కెల్విన్, మైనస్ 40 అంటే 233 కెల్విన్. 288ని 233తో భాగిస్తే 1.24 వస్తుంది. అంటే మీరున్న చోట ఇంజన్ పీల్చే ప్రతి లీటరు గాలిలోనూ సుమారు 24 శాతం ఎక్కువ ప్రాణవాయువు ఉంటుంది. దానికి తగినంత పెట్రోలు అందకపోతే మిశ్రమం పలచబడి, బయట ఎంత చలి ఉన్నా లోపల పిస్టన్ తల కాలిపోతుంది. కార్బొరేటర్ బండి అయితే ఆ చలికి సరిపోయే పెద్ద జెట్లు, అంటే పెట్రోలు వదిలే రంధ్రపు ముక్కలు, వేయించుకుని ఉండాలి. ఇంజెక్షన్ బండి అయితే సెన్సరు గాలి ఉష్ణోగ్రతను చూసి ఆ సవరణ తానే చేసుకుంటుంది. ఉదయం మైనస్ 42తో మొదలై మధ్యాహ్నానికి మైనస్ 20కి వచ్చే రోజుల్లో ఈ తేడా చిన్నది కాదు.

చీమకుర్తి కంప్రెసర్ (చీమకుర్తి)

క్వారీలో కంప్రెసర్లు, జనరేటర్లు బాగుచేసే మనిషిని నేను. బరువు లాగే పని దగ్గర గేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక చెబుతున్నాను. స్నోమొబైల్‌లో ఇంజన్ బలాన్ని ట్రాక్‌కు, అంటే చక్రాల బదులు బండి కింద తిరిగే వెడల్పాటి రబ్బరు గొలుసుకు, అందించేది మన గేర్‌లెస్ స్కూటర్లలో ఉండే వేరియేటరు, బెల్టు పద్ధతే. నిండు బల్లబండిని మెత్తటి మంచులో గంటకు పది పదిహేను కిలోమీటర్ల వేగంతో లాగేటప్పుడు క్లచ్ పూర్తిగా పట్టుకోక బెల్టు జారుతుంది, జారిన చోట వేడెక్కుతుంది, వేడెక్కిన బెల్టు కాసేపటికి పీలికలవుతుంది. లో గేరు ఉంటే అదే నెమ్మది వేగంలోనూ ఇంజన్ తగినంత తిరుగుతుంది, క్లచ్ గట్టిగా పట్టుకుంటుంది, బెల్టు బతుకుతుంది. మీ పనికి లో గేరు అలంకారం కాదు.

రెండో సంగతి పెట్రోలు. మీ పెద్దాయన బండి బరువుతో మెత్తటి మంచులో లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో అడిగి చెప్పగలరా?

కావలిబిడ్డ

అడిగాను. బరువుతో, మెత్తటి మంచులో లీటరుకు సుమారు 4 కిలోమీటర్లు లెక్కేసుకుంటానని అన్నారు. 900 సీసీ ఫోర్ స్ట్రోక్ ఉన్న ఒక సహోద్యోగి అదే పరిస్థితిలో సుమారు 6 అని చెప్పారు. గట్టి మంచు మీద ఇద్దరికీ ఇంకా మెరుగ్గానే వస్తుంది గానీ, నేను మెత్తటి మంచునే నమ్ముకుని లెక్క వేస్తాను.

చీమకుర్తి కంప్రెసర్

అయితే చూడండి. రానూపోనూ 300 కిలోమీటర్లకు టూ స్ట్రోక్‌కు 75 లీటర్లు, దారి తప్పినా, తుఫాను అడ్డొచ్చినా ఆదుకునేందుకు మూడోవంతు కలిపితే 100 లీటర్లు. ఫోర్ స్ట్రోక్‌కు 50 లీటర్లు, మూడోవంతు కలిపితే 67. తేడా 33 లీటర్లు, బరువులో సుమారు 25 కిలోలు. అంతేకాక టూ స్ట్రోక్ ఆయిలు డబ్బాలు వేరే మోయాలి.

పొదిలి మాజీ సైనికుడు (పొదిలి)

సైన్యంలో యంత్రాల మరమ్మతు విభాగమైన ఈఎంఈలో పనిచేసి, సియాచిన్ వైపు స్నో స్కూటర్లతో మెలిగినవాడిగా ఒక మాట చెబుతాను. లెక్కంతా సరైనదే గానీ, బరువు ఎక్కడ ఉందన్నది బరువు ఎంత అన్నదానికంటే ముఖ్యం. పెట్రోలు డబ్బా బరువు బల్లబండిలో ఉంటుంది, కూరుకుపోయినప్పుడు దించి పక్కన పెట్టవచ్చు. ఇంజన్ బరువును దించలేము. వెడల్పు ట్రాక్ ఉన్న ఫోర్ స్ట్రోక్ యుటిలిటీ బండ్లు 300 కిలోల చుట్టుపక్కల తూగుతాయి. అలాంటిది సరస్సు ఒడ్డున నడుము లోతు మంచులోకి ముక్కు గుచ్చుకుని దిగితే, దాన్ని పైకి తీయడానికి ఇద్దరు మనుషులు, పార, తాడు, చిన్న చేతి వించి కావాలి. ఆ పనిలో పట్టే చెమటే అసలు ప్రమాదం. మైనస్ 40లో లోపలి బట్టలు తడిస్తే పని ఆపిన నిమిషాల్లోనే ఒళ్లు చల్లబడిపోతుంది. అందుకే బండి ఎంచుకునేటప్పుడు, దుకాణంలో నిలబెట్టిన బండి వెనుక బంపరు పట్టుకుని మీరిద్దరూ కలిసి ఎత్తి పక్కకు జరపగలరో లేదో చూడండి. అది చేయలేని బండి ఎంత గొప్పదైనా మీది కాదు.

మా చోట ఎత్తు వేరే సమస్య. 5000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 40 శాతం తగ్గి ఇంజన్ బలం కూడా ఆ మేరకు పడిపోతుంది. మీ ప్రాంతం పల్లం కనుక ఆ చింత లేదు. అంచేత హార్స్‌పవర్ కోసం పెద్ద ఇంజన్ కొనవలసిన అవసరమూ లేదు. మీ ప్రశ్నలో అసలు విషయం పెట్రోలు, స్టార్టింగు, బరువు. ఈ మూడింటి మధ్యనే తేల్చుకోండి.

ఉదయగిరి నుంచి ఒవులు (ఉదయగిరి, ప్రస్తుతం ఒవులు, ఫిన్లాండ్)

ఉత్తర ఫిన్లాండ్‌లో రెయిన్‌డీర్ కాపరులు రోజూ వాడే బండ్లను దగ్గరగా చూస్తున్నాను కనుక చల్లబరిచే పద్ధతి గురించి రాస్తాను. దీన్ని చాలామంది కొన్న తరువాతే గమనిస్తారు. నీటితో చల్లబడే స్నోమొబైళ్లలో ఎక్కువ వాటికి కారులో ఉన్నట్టు రేడియేటరు ఉండదు. ట్రాక్ పైనున్న గొట్టం లాంటి భాగంలో వేడి విడిచే పలకలు ఉంటాయి, ట్రాక్ ఎగజల్లే మంచుపొడి వాటికి తగిలి ఇంజన్‌ను చల్లబరుస్తుంది. ట్రాక్ లోపలి పట్టాల కింద ఉండే ప్లాస్టిక్ పట్టీలకు తడి అందించేది కూడా ఆ మంచుపొడే. పెద్ద సరస్సు మీద గాలి మంచునంతా ఊడ్చేసి నిగనిగలాడే గడ్డ మాత్రమే మిగిలినప్పుడు, బయట మైనస్ 35 ఉన్నా ఇంజన్ వేడెక్కి ఎర్రదీపం వెలుగుతుంది, ఆ పట్టీలు రాపిడికి కరిగిపోతాయి. గ్రేట్ స్లేవ్ లాంటి సరస్సు మీద పోయే మీకు ఇది తప్పక ఎదురవుతుంది.

దీనికి విరుగుడు రెండు రకాలు. పని కోసం చేసిన కొన్ని మోడళ్లలో, అంటే స్కీ డూ స్కాండిక్ లాంటి వాటిలో, రేడియేటరూ ఫ్యానూ అదనంగా ఉంటాయి. మీరు చూసిన 900 సీసీ బండికి అవి ఉన్నాయో లేదో కళ్లతో చూసి నిర్ధారించుకోండి. అవి ఉన్నా లేకున్నా, గడ్డను గీకి మంచుపొడి లేపే ఉక్కు తీగల స్క్రాచర్లు రెండు వైపులా బిగించుకోండి. వాటి ఖరీదు తక్కువ, ఉపకారం చాలా ఎక్కువ. గాలితో చల్లబడే టూ స్ట్రోక్‌కు ఇంజన్ వేడి బాధ లేకపోయినా పట్టీల బాధ ఉంటుంది.

ట్రాక్ వెడల్పు విషయంలో 20 అంగుళాలు, 24 అంగుళాలు అని రెండు మాటలు వింటారు. 24 అంగుళాలది మెత్తటి మంచు మీద బాగా తేలుతుంది గానీ బరువెక్కువ, మలుపు తిరగడం కష్టం, పెట్రోలూ ఎక్కువే. సరస్సులు, చెట్ల మధ్య బాటలు కలిసిన 150 కిలోమీటర్ల దారికి 20 అంగుళాల వెడల్పు, 154 అంగుళాల పొడవు ట్రాక్ సరిపోతుందని నా అభిప్రాయం. సైనికుడు అన్నగారు చెప్పిన బరువు సమస్య కూడా కొంత తగ్గుతుంది.

కంపెనీ ఎంపికలో విడిభాగాల అందుబాటు చూడండి. యమహా స్నోమొబైళ్ల తయారీ నుంచి తప్పుకుంటున్నట్టు 2023లోనే ప్రకటించింది. వారి వైకింగ్ బండ్లు ఎంత గట్టివైనా, ఇక మీదట కొత్తగా కొనేవారు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవాలి. మా దగ్గర రోవనియెమిలో తయారయ్యే లింక్స్ బండ్లకు ప్రతి ఊళ్లోనూ భాగాలు దొరుకుతాయి. మీ ఊళ్లో ఏ బండి బెల్టు అదే రోజు దొరుకుతుందో ఆ బండే మీకు మంచి బండి.

కొత్తపట్నం బోటు మెకానిక్

చివరి మాట నేను వందసార్లు ఒప్పుకుంటాను. కానీ తాడు గురించి నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

కందుకూరు విద్యార్థి (కందుకూరు)

పెద్దలు మన్నించాలి. ఇప్పుడు ఎలక్ట్రిక్ స్నోమొబైళ్లు కూడా వస్తున్నాయి కదా, వాటికి స్టార్టింగు సమస్యే ఉండదు. వాటిని ఎందుకు పరిశీలించడం లేదు?

ఉదయగిరి నుంచి ఒవులు

మంచి ప్రశ్నే బాబూ. స్కీ డూ సంస్థ తెచ్చిన ఎలక్ట్రిక్ మోడళ్లకు వారే చెప్పిన దూరం 50 కిలోమీటర్ల వరకే. చలిలో, బరువుతో అది ఇంకా తగ్గుతుంది. స్కీయింగ్ కేంద్రాల్లో చిన్న చుట్లకు అవి బాగుంటాయి. 300 కిలోమీటర్ల నిర్జన దారికి ఇప్పట్లో కాదు.

దర్గామిట్ట వైద్యురాలు (నెల్లూరు)

ఇంజన్ గురించి నాకు తెలిసింది తక్కువ, కానీ బండి ఎంపికలో మనిషి శరీరం గురించి ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆందోళన కలిగించింది. కెనడా వాతావరణ శాఖ వాడే సూత్రం ప్రకారం మైనస్ 40 డిగ్రీల్లో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఎదురుగాలి లేకపోయినా ముఖానికి తగిలే చలి మైనస్ 61కి సమానం. ఆ స్థితిలో కప్పుకోని చర్మం రెండు నిమిషాల్లోపే గడ్డకట్టగలదు. కనుక ఎత్తయిన ముందు అద్దం, వేడెక్కే పిడులు, బొటనవేలితో నొక్కే యాక్సిలరేటరుకు వేడి, చేతులు మణికట్టు దాటి లోపలికి దూర్చుకునే పిడి తొడుగులు ఇవన్నీ సౌకర్యాలని అనుకోకండి. అద్దం పొట్టిగా ఉన్న బండి చౌకగా వచ్చినా, పొడుగు అద్దం బిగించిన తరువాత ధర పోల్చండి. గంటల తరబడి యాక్సిలరేటరు నొక్కే కుడి బొటనవేలే చాలామందికి మొదట మొద్దుబారుతుంది.

ఒకవేళ వేలు తెల్లబడి స్పర్శ పోతే మంచుతో రుద్దవద్దు, అసలు రుద్దనే వద్దు. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉన్న చోట లోతుగా గడ్డకట్టిన భాగాన్ని కరిగించవద్దు, ఒకసారి కరిగి మళ్లీ గడ్డకడితే నష్టం రెట్టింపవుతుంది. వెచ్చని శిబిరానికి చేరాక 37 నుంచి 39 డిగ్రీల నీటిలో ఉంచి కరిగించాలి. ఇంకొకటి, గుడారంలో స్టవ్వు వెలిగించి తలుపు బిగించుకుని పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అలారం ఒకటి వెంట ఉంచుకోండి.

చీమకుర్తి కంప్రెసర్

డాక్టరమ్మగారికి కృతజ్ఞతలు. ఇక బోటు మెకానిక్ అన్నగారి తాడు ప్రశ్నకు వస్తాను, అది తప్పించుకోకూడని ప్రశ్న. మైనస్ 18 దగ్గరే లెడ్ యాసిడ్ బ్యాటరీ స్టార్టరును తిప్పే శక్తి సగానికి దగ్గరగా పడిపోతుంది, మైనస్ 40లో ఇంకా హీనం. అదే సమయంలో ఇంజన్ ఆయిలు చిక్కబడి స్టార్టరుకు ఎక్కువ బలం కావలసి వస్తుంది. ఛార్జి నిండుగా ఉన్న బ్యాటరీ మైనస్ 60 దరిదాపుల దాకా గడ్డకట్టదు గానీ, ఛార్జి పోయినది సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పగిలిపోతుంది. అందువల్ల ఫోర్ స్ట్రోక్ తీసుకుంటే కొన్ని నియమాలు పెట్టుకోవాలి. ఆయిలు 0డబ్ల్యూ40 పూర్తి సింథటిక్ మాత్రమే. రాత్రి శిబిరంలో బ్యాటరీని విప్పి మనుషులతో పాటు వెచ్చగా లోపల ఉంచాలి, దానికోసం కొనకముందే చూడండి, చేతితొడుగులు తీయకుండా బ్యాటరీని విప్పగలిగేట్టు ఆ బండి అమరిక ఉందో లేదో. బ్యాటరీ బలహీనపడితే ఇంజన్ తిప్పడానికి సాయపడే చిన్న జంప్ స్టార్టరు ఒకటి కోటు లోపలి జేబులో శరీరపు వేడికి ఉండాలి. బరువు తక్కువని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టుకోవాలనే ఆలోచన వస్తే, సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలో దాన్ని ఛార్జి చేస్తే దెబ్బతింటుందని గుర్తుంచుకోండి.

కొత్తపట్నం బోటు మెకానిక్

ఇన్ని నియమాలు పాటించే మనిషికి ఫోర్ స్ట్రోక్ పనికొస్తుందని నాకూ అనిపిస్తోంది. అయితే అలసిపోయిన రాత్రి, వేళ్లు కొంకర్లు పోయినప్పుడు, ఏదో ఒక నియమం తప్పుతుంది. ఆ రాత్రికి ఏది ఆధారం? పడవల మీద చేపలు పట్టేవాళ్లు తుఫాను కాలంలో జంటగా పోతారు. నా దృష్టిలో ఇక్కడ ఎంచుకోవలసింది ఒక బండిని కాదు, జంటను. పెద్దాయన బండికి తాడు ఉంది కనుక అది ఎలాగైనా స్టార్ట్ అవుతుంది. దానికి ఛార్జింగు ఉంటే తీగలు కలిపి రెండో బండి బ్యాటరీకి ప్రాణం పోయవచ్చు, లేదా ఇద్దరూ ఒక్క బండి మీద తిరిగి రావచ్చు. రెండు బండ్లకూ ఒకే బలహీనత లేకపోవడమే మేలు. ఆ లెక్కన తమ్ముడు ఫోర్ స్ట్రోక్ కొంటే నాకు అభ్యంతరం లేదు, కానీ పెద్దాయన తన టూ స్ట్రోక్‌ను అమ్మేసిన రోజున ఈ నిర్ణయం కూడా మారాలి.

పొదిలి మాజీ సైనికుడు

దీనికి మరో పక్క ఉందని గుర్తుచేయాలి. సైన్యంలో ఒకే రకం బండ్లు వాడడానికి కారణం, ఒకదాని భాగం ఇంకోదానికి పనికొస్తుంది. రెండు వేర్వేరు బండ్లయితే రెండు కొలతల బెల్టులు, రెండు రకాల ప్లగ్గులు మోయాలి. అయినా ఇద్దరే పోయే ప్రయాణంలో బోటు మెకానిక్ గారి వాదనకే నేను మొగ్గుతాను. బెల్టులు మోయడం సులువే, స్టార్ట్ కాని రెండు బండ్ల మధ్య నిలబడడం సులువు కాదు. బయలుదేరే ముందు ఒక్కటి పరీక్షించండి: మీ బండి కూరుకుపోతే దాన్ని ఆయన బండి లాగగలదా, దాని లాగుడు కొక్కెం, తాడు అందుకు తగినవేనా అని.

కావలిబిడ్డ

అందరికీ నమస్కారాలు. రెండు రోజులుగా ఈ మాటలన్నీ పెద్దాయనకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చాను. తాడు గురించి బోటు మెకానిక్ అన్నగారు చెప్పింది విని ఆయన చాలాసేపు తల ఊపారు. తన బండిని అమ్మే ఉద్దేశం లేదని, దానికి ఛార్జింగు కాయిలు సరిగ్గా ఉందో లేదో ఈ వారమే చూపిస్తానని అన్నారు.

నా నిర్ణయం 900 సీసీ ఫోర్ స్ట్రోక్, 20 అంగుళాల ట్రాక్, లో గేరు, రేడియేటరూ ఫ్యానూ ఉన్న మోడలు. 24 అంగుళాలది దుకాణంలో ఇద్దరం ఎత్తి చూశాం, వెనుక భాగం కదిలింది గానీ పక్కకు జరగలేదు. 20ది జరిగింది. స్క్రాచర్లు, పొడుగు అద్దం, పిడి తొడుగులు కొన్న రోజే బిగించమన్నాను. ఒక్క సందేహం మిగిలింది. రాత్రంతా నిలిపిన తరువాత పొద్దున ట్రాక్ గడ్డకట్టి కదలదని అంటున్నారు. బలవంతంగా యాక్సిలరేటరు నొక్కితే ఏమవుతుంది?

ఉదయగిరి నుంచి ఒవులు

నొక్కకండి. గడ్డకట్టిన ట్రాక్ మీద బలం పడితే బెల్టు ఒక్కచోటే రాపిడి తిని కాలిపోతుంది. సాయంత్రం ఆపేటప్పుడు చివరి కొద్ది మీటర్లు కొమ్మల మీదికో రెండు కర్రల మీదికో ఎక్కించి ఆపితే ట్రాక్ నేలకు అంటుకోదు. దారిలో మంచు కింద నిలిచిన నీళ్ల గుంటలో దిగి వచ్చి ఉంటే, ఆ చిత్తడి ట్రాక్ చక్రాల మధ్య రాయిలా గట్టిపడకముందే, అక్కడికక్కడే పారతోనో కర్రతోనో రాల్చేయాలి. పొద్దున మొదట స్కీలను, అంటే బండి ముందుండే జారుపలకలను, అటూ ఇటూ కదిలించి విడిపించండి, తరువాత వెనుక బంపరు పట్టుకుని ఎత్తి వదలండి. ఇంజన్ వేడెక్కే దాకా ఆగి, వెనుక భాగాన్ని గట్టి స్టాండు మీద నిలబెట్టి ట్రాక్‌ను నెమ్మదిగా కొన్ని చుట్లు తిప్పండి. ఆ సమయంలో బండి వెనుక ఎవరూ నిలబడకూడదు. మొదటి రెండు కిలోమీటర్లు బెల్టు మెత్తబడే దాకా నిదానంగా పోవాలి, బల్లబండిని ఆ తరువాతే తగిలించండి.

పెట్రోలు ట్యాంకును రాత్రి నింపి ఉంచితే లోపల తేమ చేరే చోటు తగ్గుతుంది. ప్రతి నింపుడుకూ కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే చేరిన తేమ కూడా పైపులో గడ్డకట్టదు.

కావలిబిడ్డ

స్టాండును బల్లబండి సామానులోనే కట్టేస్తున్నాను. బండి వచ్చే వారం చేతికి వస్తుంది. మొదట పట్టణం చుట్టూ 20 కిలోమీటర్ల లోపే, నిండు బరువుతో, బాగా చలి ఉన్న రోజునే తిప్పి చూస్తాం. లీటరుకు నిజంగా ఎన్ని కిలోమీటర్లు వస్తుందో కొలిచి ఇక్కడే రాస్తాను. చీమకుర్తి అన్నగారు వేసిన 67 లీటర్ల లెక్క దాన్ని బట్టి సరిచేసుకుందాం.

చీమకుర్తి కంప్రెసర్

రాయండి. బరువు ఎంత వేశారో, మంచు మెత్తగా ఉందో గట్టిగా ఉందో కూడా రాస్తేనే ఆ లెక్కకు విలువ.